పదో తరగతి తర్వాత మన పిల్లలు ఎక్కడ?

పదో తరగతి ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం మన సంఘాల్లో సందడి ఎక్కువగా ఉంటుంది. తల్లిదండ్రులు కృతజ్ఞత కానుక వేస్తారు. అయ్యగారు పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, తలమీద చేయి ఉంచి ప్రార్థన చేస్తారు. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. జూన్ వచ్చేసరికి ఆ పిల్లవాడు పెట్టె, పరుపు సర్దుకొని విజయవాడకో హైదరాబాదుకో రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లిపోతాడు. సండే స్కూలు హాజరు పట్టీలో పదేళ్లపాటు ఉన్న పేరు ఆ తర్వాత ఏ పట్టీలోనూ కనబడదు.

ఊళ్లోనే ఉండి చదువుకునేవారి పరిస్థితీ పెద్దగా మెరుగు కాదు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్యవారు సండే స్కూలుకు పెద్దవాళ్లు, యౌవనుల కూడికకు చిన్నవాళ్లు. బాప్తిస్మమో కన్ఫర్మేషనో అయ్యేదాకా పాఠాలు చెబుతాం, వచనాలు కంఠతా పట్టిస్తాం. మొదటిసారి ప్రభువు బల్లలో పాలుపొందాక మన పని ముగిసిందనుకుంటాం. ఆ పిల్లల జీవితంలో అసలైన పోరాటాలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

వీరికోసం ఏం చేయాలని కమిటీలో అడిగితే క్యాంపు, పాటల పోటీ, కొత్త సౌండ్ సిస్టం అనే జవాబులు వస్తాయి. అవన్నీ మంచివే, చేయవచ్చు. అయితే క్యాంపు మూడు రోజుల్లో ముగుస్తుంది. మిగతా సంవత్సరమంతా ఆ పిల్లవాడి పేరు, అతని చదువు, అతని భయాలు తెలిసిన పెద్దవాళ్లు సంఘంలో ఇద్దరైనా ఉన్నారా? టీనేజీ పరిచర్య అంతా ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

కిటికీలో కూర్చున్నవాడు

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయ సంఘం మేడగదిలో కూడుకుంది. దీపాలు చాలా వెలుగుతున్నాయి. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో కూర్చొని కునుకుతూ, మూడవ అంతస్తు నుంచి కిందపడ్డాడు. 12వ వచనంలో లూకా అతనికి వాడిన గ్రీకు మాట ‘పైస్’, అంటే బాలుడు.

అతడు ఉన్నది లోపలే, కానీ అంచున. మన మందిరాల్లో ఈ వయసువారు ఎక్కడ కూర్చుంటారో ఒకసారి గమనించండి. వెనుక వరసలో, తలుపు దగ్గర, మెట్లమీద, కొందరు బయట బైకుల మీద. వారిని చూసి మనం చెప్పే మొదటి మాట, “ఫోను పక్కన పెట్టు” అనే.

పౌలు ఏం చేశాడు? ప్రసంగం ఆపాడు, మెట్లు దిగాడు, ఆ పిల్లవాణ్ణి కౌగిలించుకున్నాడు. నిద్రపోయినందుకు గద్దించాడని లూకా ఎక్కడా రాయలేదు. ఆ తర్వాతే పైకి వెళ్లి రొట్టె విరిచి తెల్లవారేదాకా మాట్లాడాడు. బోధ ఆగిపోలేదు, కానీ ముందు దిగి వెళ్లడం జరిగింది. టీనేజీ పిల్లల్లో పరిచర్య చేసేవారికి ఈ క్రమం ముఖ్యం.

నాయకుడిగా ఎవరిని పెట్టాలి?

గిటారు వాయించగలవాణ్ణి, బాగా మాట్లాడగలవాణ్ణి ఎంచుకోవడం మనకు అలవాటు. ఆ తలాంతులు ఉపయోగమే గాని వాటికంటే ముందు చూడవలసినవి ఉన్నాయి. అతడు మాట నిలుపుకుంటాడా? పిల్లలు చెప్పినది విని ఊరంతా చెప్పకుండా ఉండగలడా? వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటాడా? ఆరు నెలలకొకసారి మారిపోయే నాయకుడికి ఏ పిల్లవాడూ మనసు విప్పడు.

ఒక్క నాయకుడికి నలభైమందిని అప్పగిస్తే హాజరు మాత్రమే తీసుకోగలడు. ఐదారుగురికి ఒకరు ఉంటే వారి ఇల్లు, బడి, స్నేహితులు అతనికి తెలుస్తారు. అమ్మాయిల గుంపును తప్పకుండా స్త్రీలే నడిపించాలి. నాయకులంతా కుర్రవాళ్లే కానక్కరలేదు. తిమోతి విశ్వాసానికి వెనుక అవ్వ లోయి, తల్లి యునీకే ఉన్నారని పౌలు గుర్తు చేస్తాడు (2 తిమోతికి 1:5). లుస్త్రలోను, ఈకొనియలోను ఉన్న సహోదరులు తిమోతిని గురించి మంచి సాక్ష్యం చెప్పారు (అపొ. కార్య. 16:2). అంటే పౌలు రాకముందే ఒక సంఘం ఆ యువకుణ్ణి దగ్గరగా చూసింది. స్త్రీల సమాజంలోని రిటైరైన టీచరమ్మ ఒకరు ముగ్గురు ఇంటర్ అమ్మాయిల పేర్లు రాసుకొని ప్రతి శనివారం ప్రార్థించి, ఆదివారం వారిని పలకరిస్తే అది కూడా యౌవన పరిచర్యే.

ప్రశ్నకు చోటు ఇవ్వండి

పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతూ కనిపించాడు (లూకా 2:46). ఆ బోధకులు పన్నెండేళ్ల పిల్లవాడికి తమ మధ్య చోటిచ్చారు. మన కూడికలో ఒక పిల్లవాడు ప్రశ్న అడిగితే ఏమవుతుంది? “ముందు ప్రార్థన చెయ్యి, అన్నీ అర్థమవుతాయి” అంటాం. రెండోసారి అతడు అడగడు. జవాబు యూట్యూబ్‌లో వెతుక్కుంటాడు.

వారు అడిగే ప్రశ్నలు తేలికైనవి కావు. సైన్సు పాఠంలో చెప్పేదానికీ ఆదికాండానికీ పొత్తు ఎలా? ప్రార్థించినా నాన్న తాగుడు ఎందుకు మానలేదు? ఆదివారం సాక్ష్యం చెప్పే అంకుల్ వీధిలో అలా ఎందుకు మాట్లాడతాడు? మనం చర్చికి వెళ్తాం కదా, కులం సర్టిఫికెట్‌లో వేరే మతం ఎందుకుంది? ఈ చివరి ప్రశ్న పదో తరగతి దరఖాస్తు నింపే రోజున చాలా ఇళ్లలో వస్తుంది. “ఊరుకో” అంటే సంఘం నిజానికి భయపడుతోందని ఆ పిల్లకు అర్థమవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదని, దాని వెనుక ఎంత వేదన, ఎంత న్యాయపోరాటం ఉన్నాయో కూర్చోబెట్టి చెప్పవచ్చు. పిల్లలు కోరేది అన్ని జవాబులూ తెలిసిన మనిషిని కాదు. “ఇది నాకూ కష్టమైన ప్రశ్నే, కలిసి చదువుదాం” అనే అన్నయ్య దగ్గరికి వారు మళ్లీ వస్తారు.

అందుకే గంట కూడికలో పాటలకు, వాక్యానికి పోగా ఇరవై నిమిషాలైనా చిన్న గుంపుల్లో మాట్లాడుకోవడానికి ఉంచండి. పేరు రాయకుండా చీటీపై ప్రశ్న రాసి డబ్బాలో వేయమంటే, నోరు తెరవని పిల్లలు కూడా అడుగుతారు.

పని అప్పగించండి

1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణంలో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే కాపరి తన సంఘంలోని పిల్లలను, యువకులను ఇంటికి పిలిచాడు. ఆ శీతకాలంలో వారిలో చాలామంది ప్రభువును అంగీకరించారు. ఆ ఆసక్తి చల్లారిపోకుండా ఏం చేయాలన్నది ఆయన చింత. వారికి ఆయన బాధ్యతలు ఇచ్చాడు. ప్రతిదినం ప్రార్థన, వాక్యపఠనం, ప్రతి కూడికలో ఏదో ఒక భాగం తీసుకోవడం, కమిటీలుగా ఏర్పడి పని పంచుకోవడం అందులో ఉన్నాయి. అదే క్రిస్టియన్ ఎండెవర్‌గా దేశదేశాలకు పాకింది. మన సంఘాల్లో పెద్దవారికి ‘సి.ఇ.’ అనే మాట ఇంకా గుర్తుండే ఉంటుంది.

మనం మాత్రం ఈ వయసువారికి కుర్చీలు మోయడం, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడం తప్ప మరేమీ అప్పగించం. వాక్యపఠనం వారిచేత చేయించండి. వీబీఎస్‌లో చిన్న పిల్లల తరగతికి సహాయకులుగా పెట్టండి. మంచం పట్టిన వృద్ధులను చూడటానికి కాపరితోపాటు తీసుకువెళ్లండి. తప్పు చదివితే చదవనివ్వండి. వచ్చే నెల బాగా చదువుతారు.

ప్రేమతోపాటు జాగ్రత్త

పిల్లలు మనల్ని నమ్ముతారు కాబట్టి వారిని కాపాడే బాధ్యత మనదే. ఏ పిల్లవాడితోనూ, పిల్లతోనూ మూసిన గదిలో ఒక్కరే మాట్లాడకూడదు. మాట్లాడవలసివస్తే నలుగురికీ కనిపించేచోట కూర్చోవాలి. ప్రయాణాల్లో, క్యాంపుల్లో ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి. రాత్రివేళ వ్యక్తిగత సందేశాలు వద్దు. గ్రూపులో తల్లిదండ్రులు కూడా ఉండాలి.

18 ఏళ్లలోపువారిపై లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం స్పష్టంగా ఉంది. విషయం తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడం కూడా నేరమే. “సంఘం పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం” అనే సలహా చట్టానికీ, దేవుని ముందు మన బాధ్యతకూ విరుద్ధం. షిలోహులో తన కుమారుల దుష్టత్వం విని కూడా వారిని అడ్డగించని ఏలీకి తీర్పు తప్పలేదు (1 సమూయేలు 3:13). ఆపదలో ఉన్న పిల్లలకు చైల్డ్‌లైన్ నంబరు 1098. దీన్ని సండే స్కూలు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఫలితాల రోజు, హాస్టల్ గది

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత బయటపడింది. మార్కుల మెమో తమ విలువను తేల్చేస్తుందని పిల్లలు నమ్మడం మన ఇళ్లలోనే, మన మాటల్లోనే మొదలవుతుంది. మందిరంలో కూడా ర్యాంకు వచ్చినవారినే వేదికమీదికి పిలిస్తే, తప్పినవాడు ఆ ఆదివారం ఇంట్లోనే ఉండిపోతాడు. ఇద్దరికోసమూ ఒకేలా ప్రార్థన చేయండి. ఫలితాలు వచ్చే రోజున తప్పినవారి ఇంటికి ముందుగా వెళ్లండి. సప్లిమెంటరీ పరీక్ష ఉందని, దానికి కలిసి చదివిద్దామని చెప్పండి.

“బతకాలని లేదు” అని ఒక పిల్లవాడు అంటే ‘అది సాతాను ఆలోచన’ అని కొట్టిపారేయవద్దు. నింపాదిగా వినండి, సూటిగా అడగండి, ఒంటరిగా వదలవద్దు. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకుండా, తల్లిదండ్రులకు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన ఆపనక్కరలేదు, వైద్యమూ ఆపకూడదు.

హాస్టల్‌లో ఉన్నవారి విషయంలో దూరం ఒక సాకు మాత్రమే. అక్కడ చాలాచోట్ల ఆదివారం కూడా పరీక్షలే, ఫోను చేతిలో ఉండదు, ఔటింగ్ అరుదు. కాబట్టి తల్లిదండ్రులు చూడటానికి వెళ్లే రోజున వారి చేతికి సంఘం తరఫున నాలుగు వాక్యాల ఉత్తరం ఇచ్చి పంపండి. ఆ పట్టణంలోని సంఘకాపరికి పిల్లవాడి పేరు తెలియజేయండి. డిగ్రీకి, ఇంజనీరింగుకు వెళ్తే అక్కడి యూఈఎస్ఐ విద్యార్థుల కూడికకు పరిచయం చేయండి. సెలవులకు వచ్చినప్పుడు “ఎన్ని మార్కులు?” అని కాకుండా “ఎలా ఉన్నావు నాన్నా?” అని అడగండి.

సంఘపెద్దలకు, కాపరులకు ఒక మనవి. ఈ నెల కమిటీలో వేరే అజెండా కాసేపు పక్కనపెట్టి, సంఘ కుటుంబాల్లో 13 నుంచి 19 ఏళ్లలోపువారి పేర్లు ఒక కాగితంమీద రాయండి. ఎవరు ఎక్కడ చదువుతున్నారో పక్కన రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా, ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచి పలకరించే ఇద్దరు పెద్దవాళ్ల పేర్లు రాయండి. ఎదురుగా ఎవరి పేరూ రాయలేని పిల్లలు ఎవరో తేలాక, ముందుగా వెళ్లవలసిన ఇల్లు ఏదో మీకే తెలుస్తుంది.