ఒక షో కడుపున ఎన్ని షోలు

2013 ఫిబ్రవరి 7, గురువారం రాత్రి ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. తీసింది మల్లెమాల ఎంటర్‌టైన్‌మెంట్స్. మల్లెమాల అన్నది మన నెల్లూరు జిల్లా కవి, నిర్మాత ఎం.ఎస్.రెడ్డి కలంపేరు, సంస్థ ఆయన కుమారుడు శ్యామ్‌ప్రసాద్‌రెడ్డిది. టీముకో లీడరు, లీడరు వెంట నలుగురైదుగురు, పది నిమిషాల స్కిట్టు, చివర జడ్జీల మార్కులు. పద్ధతి ఇంతే. మరుసటి ఏడాదికే శుక్రవారం ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ తోడైంది. అదే సంస్థ 2009 నుంచి తీస్తున్న డ్యాన్స్ షో ‘ఢీ’లోకి జబర్దస్త్ నుంచి సుడిగాలి సుధీర్, రష్మి, హైపర్ ఆది టీమ్ లీడర్లుగా నడిచి వెళ్లారు. 2019 చివర్లో జడ్జి నాగబాబు జీ తెలుగుకు మారితే అక్కడ ‘అదిరింది’ పుట్టింది. 2021లో ఆదివారం మధ్యాహ్నాలకు ‘శ్రీదేవి డ్రామా కంపెనీ’ వచ్చింది. ఒక్క షో కడుపున ఇన్ని పుట్టడం తెలుగు టీవీలో అంతకుముందు ఎరగం. ఇదంతా టీఆర్పీల యావ అని కొట్టిపారేయడం తేలికే. కానీ వీటిలో ఏది ఎలా బతికిందో వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కళాకారుడికి కొత్త పని దొరికినచోట పిల్ల షో నిలదొక్కుకుంది. పాత పనికే ఇంకో వారం జోడించినచోట క్రమంగా పలచబడింది.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు అమెరికా టీవీ వైపు ఒకసారి చూడాలి. అక్కడ 1971లో నార్మన్ లియర్ ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ తీశాడు. ఆర్చీ బంకర్ అనే నోటిదురుసు తెల్లజాతి ఇంటిపెద్ద కథ అది. ఆయన భార్యకు బంధువైన మాడ్ అనే ఆవిడ చుట్టపుచూపుగా వచ్చింది. 1972కల్లా ఆవిడ పేరుతోనే వేరే సీరియల్. ఆ మాడ్ ఇంట్లో పనిచేసే ఫ్లోరిడాకు 1974లో మరో సీరియల్, ‘గుడ్ టైమ్స్’. బంకర్ పక్కింట్లో ఉండే నల్లజాతి కుటుంబం 1975లో ‘ద జెఫర్సన్స్’గా వేరుపడి, మన్‌హట్టన్‌లో పెద్ద ఫ్లాటుకు మారి, పదేళ్లు నడిచింది. ఇక్కడ ఇల్లు మారింది పాత్ర. తన పేరు, తన కష్టం, తన పొగరు అన్నీ మూట గట్టుకుని కొత్త కథలోకి వెళ్లింది. మన దగ్గర పాత్రకు ఆ అవకాశమే లేదు. స్కిట్టులో పాత్ర ఆయుష్షు పది నిమిషాలు. వచ్చే వారం అదే మనిషి ఇంకొకరి మొగుడో, మామో, దొంగో అవుతాడు. అందుకే మన టీవీలో ఒక షో నుంచి మరో షోకు వెళ్లేది నటుడే, అదీ ఎక్కువసార్లు తన జట్టుతో సహా. నాటక సమాజాలు, సురభి కుటుంబాలు ఊరూరా తిరిగిన నేల ఇది. జట్టును చూసి జనం రావడం మనకు అలవాటే.

జట్టు వెళ్తే సరిపోతుందా? సరిపోదని ‘అదిరింది’ చూపించింది. జడ్జి వెళ్లారు, పేరున్న లీడర్లు వెళ్లారు, స్కిట్టు పద్ధతీ వెళ్లింది. కొత్త చోట కొత్తగా చేయడానికే ఏమీ లేకపోయింది. షో ఎక్కువకాలం నిలవలేదు. ‘ఎక్స్‌ట్రా’ పదేళ్లు నడిచింది కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురి మధ్య కుదిరిన లయ దానికి చాలాకాలం ఊపిరి పోసింది. ఆ ముగ్గురూ ఒకే వేదిక మీద కనిపించడం తగ్గాక గురువారానికీ శుక్రవారానికీ తేడా చెప్పడం కష్టమైంది. 2024లో ‘ఎక్స్‌ట్రా’ అన్న పేరు తీసేసి రెంటినీ ఒకటి చేశారు. ‘శ్రీదేవి డ్రామా కంపెనీ’ దారి వేరు. మార్కులు, గెలుపోటములు పక్కనపెట్టి పాట, ఆట, నాటకం కలిపింది; ఎక్కడెక్కడి జానపద కళాకారులకో స్టేజీ ఇచ్చింది. 2022లో గాజువాక డిపో బస్సు కండక్టరమ్మ ఒకరు ‘పల్సర్ బైకు’ పాటకు ఆడి రాష్ట్రమంతటా తెలిసింది ఈ షోలోనే. గురువారం స్కిట్టులో ఆమెకు చోటు దొరికేది కాదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. జబర్దస్త్ హాస్యంలోనే మురికి ఉందని, అది ఎన్ని షోలుగా చీలితే అంత మురికి ఇంటింటికీ చేరుతుందని చాలామంది అంటారు. ద్వంద్వార్థాల మాటలు, పెళ్లాం మీద జోకులు, ఒంటి రంగు మీద, లావు మీద వెక్కిరింతలు, ఆడవేషాన్ని నవ్వులపాలు చేయడం అన్నీ అక్కడ ఉన్నవే. నేను కాదనను, వెనకేసుకు రాను. అయితే ఈ మురికి ఎక్కడ పేరుకుంటుందో కూడా చూడాలి. ఆది, రాంప్రసాద్ లాంటివాళ్లు తమ స్కిట్లు తామే రాసుకున్నవాళ్లు. వారం వారం తప్పకుండా నవ్వించాలన్నప్పుడు చేతికి ముందు తగిలేది అందరూ నవ్వే పాత వెక్కిరింతే. అదే పనిని రెట్టింపు చేస్తే తప్పులూ రెట్టింపవుతాయి. పని మారితే ఆ తిట్లు, ఆ వెక్కిరింతలు అక్కరకు రావు. మనిషి వేరే ఉపాయం వెతుక్కోక తప్పదు.

తడ, సూళ్లూరుపేట వైపు ఇళ్లలో తెలుగుతోపాటు తమిళమూ నడుస్తుంది కాబట్టి తమిళ టీవీతో పోలిక అక్కడివాళ్లకు కొత్త కాదు. విజయ్ టీవీ 2005లో ‘కలక్కపోవదు యారు’ అనే హాస్య పోటీ మొదలుపెట్టింది. సినిమా హీరో శివకార్తికేయన్ అందులో గెలిచే వెలుగులోకి వచ్చాడు. బాలా అనే కుర్రాడికైతే షో పేరులోని పొడి అక్షరాలే ఇంటిపేరయ్యాయి, కేపీవై బాలా అని, మన దగ్గర ‘జబర్దస్త్ వేణు’ అన్నట్టే. ఆ కమెడియన్లను విజయ్ టీవీ 2019లో వంటింట్లోకి తోసింది. ‘కుకు విత్ కోమాలి’లో వంట వచ్చిన పోటీదారుకు వంట రాని కమెడియన్ జోడీ. ఉల్లిపాయ తరగడం రాకపోవడమే అక్కడ హాస్యం. ఎవరి పుట్టుకనూ రంగునూ ఎత్తిచూపాల్సిన అవసరం పడలేదు. 2025లో స్టార్ మా దాన్ని తెలుగులోకి తెచ్చుకుంది. మనవాళ్లే ముందు ఆలోచించి ఉంటే బాగుండేది.

మన దగ్గర పాత్రకు ఇల్లు మారే అవకాశం లేదన్నాను గానీ, తెలుగులో ఒక్క ‘అమృతం’ మాత్రం పాత్రల గని. 2001 నుంచి 2007 దాకా జెమినిలో వచ్చిన గుణ్ణం గంగరాజు సృష్టి అది. అందులోని అప్పాజీ, సర్వం పాత్రలు ఒక్కొక్కటీ ఒక్కో సీరియల్ మోయగలిగినవి. వచ్చినవి మాత్రం 2014లో ‘చందమామలో అమృతం’ సినిమా, 2020లో ‘అమృతం ద్వితీయం’ వెబ్ సిరీస్. రెండూ మళ్లీ ప్రధాన పాత్రలైన అమృతరావు, ఆంజనేయులు చుట్టూ తిరిగినవే. అప్పాజీ మన జెఫర్సన్ కాగలిగేవాడు. ఎవరూ ఆయన్ను ఆ సీరియల్ గడప దాటించలేదు.

జబర్దస్త్ సంతానంలో నేను మొదట లెక్కపెట్టేది మాత్రం ఏ ఛానలూ తన ఖాతాలో రాసుకోనివాటిని. ‘వేణు వండర్స్’ లీడరుగా నవ్వించిన వేణు ఎల్దండి 2023 మార్చిలో ‘బలగం’ తీశాడు. చావింట్లో కలిసిన కుటుంబం కథ. తెలంగాణలో ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టి చూశాయి. జబర్దస్త్‌కు ముందే వేణు సినిమాల్లో ఉన్నాడని, ఆ ఘనత షోకు కట్టబెట్టడం తగదని అనవచ్చు. ఘనత అతనిదే. కానీ వారానికో కథ ఆలోచించి, నలుగురికి వేషాలు పంచి, ఎవరు ఎప్పుడు నోరు తెరవాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేర్పి, పది నిమిషాల్లో ముగించడం టీమ్ లీడరు పని. దర్శకుడి పనీ అదే. మరో లీడరు ధన్‌రాజ్ 2025లో ‘రామం రాఘవం’కు దర్శకత్వం వహించాడు. తండ్రి వేషానికి తమిళ నటుడు సముద్రఖనిని తెచ్చుకుని, కొడుకు వేషం తానే వేశాడు.