పసిడిని వెదకు యంత్రము

1881వ సంవత్సరము జూలై 2వ తేదీన అమెరికా దేశాధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డు, వాషింగ్టను నగరమందలి రైలు స్టేషనులో ఒక దుండగుని తుపాకి కాల్పులకు గురియయ్యెను. ఒక గుండు ఆయన దేహములోనే నిలిచిపోయెను. అది ఎచ్చట నున్నదో వైద్యులకు తెలియలేదు. ఎక్సురే ఇంకను కనిపెట్టబడని కాలమది. అప్పుడు, టెలిఫోనును నిర్మించి ఖ్యాతి గడించిన అలెగ్జాండరు గ్రాహం బెల్ ముందునకు వచ్చి, లోహము సమీపించినపుడు ధ్వని చేయు పరికరము నొకదానిని సిద్ధపరచెను. బయట పరీక్షించినపుడు అది చక్కగా పనిచేసెను. కాని అధ్యక్షుని పడక చెంత మాత్రము ఎచ్చట నుంచినను అస్పష్టమైన ధ్వనియే వినిపింపజొచ్చెను. ఆయన పరుపులో ఇనుప తీగచుట్టలు కలవని పిదప తెలిసినది. అదియునుగాక వైద్యుడు దేహమునకు కుడివైపున మాత్రమే వెదకనిచ్చెను. గుండు ఎడమవైపున నుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన గార్‌ఫీల్డు మరణించెను.

యంత్రము మంచిదైనంత మాత్రమున చాలదు. దాని చుట్టునున్న పరిసరమును, దానిని నడుపువాని వివేకమును గూడ సరిగా నుండవలెను. బెల్ పరికరమునకు సంతతియైన లోహశోధక యంత్రమును చేతబట్టి బంగారమునకై తిరుగువారికి ఈ విషయము నేటికిని వర్తించును.

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున పోలెండు దేశపు సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కీ, భూమిలో పాతిన మందుపాతరలను కనుగొను చేతియంత్రమును రూపొందించెను. 1942లో ఎల్ అలమేను యుద్ధమున బ్రిటిషు సైనికులు దానితో దారి వెదకుకొనుచు ముందునకు సాగిరి. యుద్ధానంతరము ఇట్టి యంత్రములు నానాటికి తేలికపడి, సామాన్యుల చేతికి వచ్చినవి. పసిడిని వెదకువారు వానిని ఆదరముతో స్వీకరించిరి.

అట్టివారికి ఆస్ట్రేలియా పుట్టినిల్లు వంటిది. ఆ దేశపు ఆగ్నేయభాగమున నున్న విక్టోరియా రాష్ట్రములో 1851లో బంగారము బయల్పడగా, బల్లారట్, బెండిగో ప్రాంతములకు నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. 1869 ఫిబ్రవరి 5వ తేదీన మోలియాగల్ అను పల్లె దాపున జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అను ఇరువురకు, చెట్టువేళ్ల నడుమ అంగుళము మట్టిక్రింద 70 కిలోలకు పైబడిన బంగారపు ముద్ద దొరకెను. తగిన త్రాసు లేకపోవుటచే దానిని ముక్కలు చేసి తూచవలసివచ్చెను. పిదప ఒక శతాబ్దికి పైగా గడచెను. వేలకొలది పలుగులు త్రవ్వి విడిచిన ఆ రాష్ట్రమందే, 1980లో కింగోవర్ గ్రామము చెంత కెవిన్ హిల్లియర్ అను నాతడు లోహశోధక యంత్రముతో 27 కిలోల ముద్దను కనుగొనెను. లోహశోధకముతో దొరకిన ముద్దలలో దానిని మించినది లేదు. ఎందరి కన్నులో కానలేని దానిని ఒక యంత్రపు చెవి వినినది.

ఇట్టి వార్తలు విని యంత్రము కొనువారు పెక్కురు. వారిలో అధికుల సంచులలోనికి చేరునవి తుప్పుపట్టిన మేకులును, తుపాకి గుండ్లును, సీసాల మూతలును. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యన్న నిదియే. కొన్ని వందల డాలర్లు మొదలు పదివేల డాలర్లకు చేరువ వరకు వెలగల యంత్రములు అంగళ్లలో నున్నవి. దినకూలితో జీవించువాడు కూడబెట్టిన సొమ్మును తగని యంత్రముపై వెచ్చించినచో, బంగారము దొరకకపోవుటయేగాక ఉన్నది గూడ పోవును. కావున ఎన్నుకొనుటకు పూర్వము యంత్రము పనిచేయు విధమును తెలిసికొనవలెను.

కఱ్ఱవంటి కడ్డీ చివర పళ్లెమువంటి భాగ మొకటి యుండును. దానిలో రాగి తీగచుట్ట యుండును. విద్యుత్తు ప్రవహించినపుడు దాని చుట్టు అయస్కాంత క్షేత్ర మేర్పడును. విద్యుత్తు క్షణక్షణము మారుచుండుటచే క్షేత్రమును మారుచుండును. మారుచున్న ఈ క్షేత్రము నేలలోని లోహమును తాకగానే, ఆ లోహములో సన్నని విద్యుత్ సుడులు పుట్టును. ఆ సుడులు తమ వంతుగా చిన్న అయస్కాంత క్షేత్రమును కల్పించును. దానిని యంత్రము గ్రహించి ధ్వనిగా మార్చి చెవికి వినిపించును. కొలనులో రేపిన అల గట్టును తాకి మరలివచ్చినట్లు, లోహమును తాకిన అల మరలివచ్చుచున్నదని భావింపవచ్చును.

దీనివలన ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. ఈ యంత్రము లోహమును గుర్తించును గాని బంగారమును ప్రత్యేకముగా గుర్తింపజాలదు. చిన్న పసిడిముక్కయు, సీసపు గుండును, అల్యూమినియపు రేకును ఇంచుమించు ఒకే తీరున పలుకును. కనుక తాను వినిన ధ్వని యేమియో త్రవ్వి చూచిన పిదపనే తెలియును. లోహము కాని రత్నములను ఈ యంత్రము ఎరుగదు. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలో తొలకరి వానలు కురిసిన పిదప జనులు చేలలో వజ్రములకై వెదకుదురు. వజ్రము లోహము కాదు. అచ్చట ఈ యంత్రము మోయుట వృథాశ్రమ. అట్లే రాతిలో కంటికి కనరాని నలుసులుగా కలిసియున్న బంగారమును గూడ ఇది పసిగట్టలేదు. 2001లో మూతపడిన కోలారు గనులలో లోతున త్రవ్విన రాతిని పిండిచేసి బంగారమును తీయవలసివచ్చెను. అట్టిచోట చేతియంత్రముతో పనిలేదు. ఏటి ఇసుకలోని రేణువులకు పళ్లెమును, నీరును కావలెను. ముక్కలుగా, ముద్దలుగా నేలపైభాగమున పసిడి నిలిచిన చోటులకే లోహశోధకము తగినది.

ఇక ఎన్నిక. మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న “ఏ యంత్రము మేలైనది?” యని కాదు, “వెదకబోవు నేల యెట్టిది?” అని. విక్టోరియా, పశ్చిమ ఆస్ట్రేలియా ప్రాంతముల ఎఱ్ఱనేలలలో ఇనుప ఖనిజములు విస్తారముగా నుండును. అవియును అయస్కాంత క్షేత్రమునకు బదులు పలుకును. బెల్ పరికరమునకు పరుపులోని తీగచుట్టలెట్లో, పసిడి యంత్రమునకు ఎఱ్ఱమట్టి అట్లు. ఉప్పునేలలును, వానకు తడిసిన చవిటిభూములును గూడ ఇట్టి చిక్కునే కలిగించును.

యంత్రములు ప్రధానముగా రెండు తెగలు. మొదటి తెగ యంత్రములు ఎడతెగక అలలను పంపుచు, మరలివచ్చు అలలోని భేదమును గమనించును. ఇవి తేలికయైనవి, వెల తక్కువైనవి. ఇనుమును ఇతరలోహములనుండి కొంతవరకు వేరుపరచి చెప్పగలవు. ఇనుప ఖనిజములు తక్కువగల నేలలో ఇవి చక్కగా పనిచేయును. రెండవ తెగ యంత్రములు విద్యుత్తును తునుకలు తునుకలుగా పంపి, ప్రతి తునుక తరువాతను ఒక లిప్తకాలము మౌనము వహించి, లోహములో సుడులు అణగిపోవు తీరును వినును. నేల పలుకు త్వరగా అణగును; లోహపు పలుకు కొంత నిలుచును. అందుచేత ఖనిజములతో నిండిన ఎఱ్ఱనేలలో గూడ ఇవి లోతునకు చూడగలవు. కాని వీని బరువును వెలయు హెచ్చు. ఇనుమును బంగారమునుండి వేరుపరచు శక్తి తక్కువ.

రెండవ ప్రశ్న “ఎంత ముక్కలు దొరకును?” అనునది. సామాన్యముగా నాణెములను వెదకు యంత్రములు సెకనుకు సుమారు 5,000 మొదలు 15,000 కంపనముల వరకు అలలను పంపును. బియ్యపుగింజ వంటి పసిడికి 40,000 మొదలు 70,000 వరకు కంపనములు గల యంత్రము మేలు. ఏలయన చిన్నముక్కలో సుడులు త్వరగా పుట్టి త్వరగా అణగును. వేగముగల అలయే వానిని పట్టగలదు. కాని ఆ వేగము ఎఱ్ఱనేల రొదను గూడ హెచ్చించును. ఒకటి పొందిన మరియొకటి విడువవలసినదే.

పళ్లెపు పరిమాణమునకు గూడ ఇదియే న్యాయము. ఆరంగుళముల పళ్లెము చిన్నముక్కను చక్కగా వినును, కాని లోతునకు పోదు. పదునెనిమిదంగుళములది పెద్దముద్దను లోతున పసిగట్టును, కాని చిన్నముక్కను విడిచిపెట్టును. పైగా చేయి నొప్పించును. క్రొత్తవానికి నడిమి పరిమాణము తగును. బియ్యపుగింజంత ముక్క ఎంతటి యంత్రమునకైనను కొలది అంగుళములకు మించి వినబడదని గ్రహించువాడు ప్రకటనలను చూచి మోసపోడు.

కొనుటకు ముందు యంత్రమును చేతబట్టి ఒక గంటసేపు ఊపి చూడవలెను. దినమంతయు మోయవలసినది గనుక దాని బరువు ముఖ్యము. చెవికి తగిలించుకొను శ్రవణయంత్రము తప్పనిసరి. సన్నని పలుకులు గాలిహోరులో కలిసిపోవును. లోహములేని చోట పళ్లెమును నేలపై పలుమార్లు పైకి క్రిందికి ఆడించి, నేల రొద అణగునట్లు సరిచేయు ఏర్పాటు యంత్రములో నున్నదో లేదో పరిశీలింపవలెను. చిన్న పసిడితునకను అట్టముక్కకు అంటించి, వెదకబోవు నేలలోనే కొన్ని అంగుళముల లోతున పాతి పరీక్షించినచో నిజము తేలును. అంగడిలో గాలిలో ఊపి చూపు పరీక్షను నమ్మరాదు. హెచ్చు విద్యుత్తు ప్రవహించు తీగల దాపున యంత్రము పిచ్చిగా అరచును. అది దాని దోషము కాదు.

ఇనుపముక్కలను పలుకనీయక త్రోసివేయు మీటను చూచి పెక్కురు ముచ్చటపడుదురు. మేకులు త్రవ్వు శ్రమ తప్పునను ఆశ. కాని ఇనుప ఖనిజముల నడుమ నున్న పసిడిముక్క యంత్రమునకు ఇనుమువలెనే తోచవచ్చును. ఆ మీటను నమ్మి నడచినవాడు అలసట లేకుండ ఇల్లు చేరును. అతడు దాటివచ్చిన ముక్క వెనుక వచ్చువానికి దక్కును. పసిడినేలలో ప్రతి పలుకును త్రవ్వుటయే అనుభవజ్ఞుల పద్ధతి.

మైళ్ల దూరమునుండియే బంగారమును చూపునని చెప్పబడు పరికరములును గలవు. పైని వివరించిన సూత్రమును తెలిసినవాడు వానిని నమ్మడు. క్షేత్రము దూరమైనకొలది శీఘ్రముగా క్షీణించును. కొన్ని అడుగులు దాటిన మరలి పలుకు వినబడదు. గుప్తనిధులను చూపెదమని పల్లెలలో తిరుగు వంచకులును ఈ కోవకు చెందినవారే. వారి మాటలు నమ్మి ఇల్లు గుల్లచేసికొనిన వారును, పాత ఆలయములను పెల్లగించి చెరసాల పాలైన వారును కలరు.

కొనిన పిమ్మట చట్టమును మరువరాదు. 1854లో బల్లారట్ చెంత పన్నుల భారముపై గనిపనివారు తిరుగబడిన పిదప, 1855లో విక్టోరియా ప్రభుత్వము ‘మైనర్స్ రైట్’ అను అనుమతిపత్రమును ప్రవేశపెట్టెను. అది లేనిదే అచ్చట నేటికిని బంగారమును వెదకరాదు. చేతిపనిముట్లతోనే త్రవ్వవలెను, త్రవ్విన గుంటను తిరిగి పూడ్చవలెను, జాతీయవనములలో అనుమతింపబడని చోటులందును, ఆదివాసుల పవిత్రస్థలములలోను నేలను కదలింపరాదు, పరుల భూమిలో యజమాని సమ్మతి లేక అడుగిడరాదు. మన దేశమున 1957 నాటి గనుల చట్టము ననుసరించి అనుమతి లేనిదే ఖనిజములను అన్వేషింపరాదు. భూమిలో నిక్షేపము దొరకినపుడు, దాని విలువ పది రూపాయలకు మించినచో, 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. దానిని దాచుకొనుట నేరము.

కావున లోహశోధకమును ఎన్నుకొనుట యనగా వెలలను పోల్చుట మాత్రము కాదు. నేలను, వెదకు ముక్కను, తన సొమ్మును, తన చేతిబలమును తూచుకొని నిర్ణయింపవలెను. యంత్రము ధ్వనిని మాత్రమే ఇయ్యగలదు; దానికి అర్థము చెప్పవలసినవాడు మనుష్యుడు. అధ్యక్షుని పడక చెంత నాడు ఆ పరుపును మార్చి, ఎడమవైపునను వెదకనిచ్చియుండినచో, బెల్ పరికరము తన పలుకును నిజము చేసికొనెడి అవకాశమైనను దానికి దక్కియుండెడిది.