ప్రమాణం చేశాక ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

చిత్తూరుకు పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున వెలసిన కాణిపాకం వరసిద్ధి వినాయకుణ్ణి సత్యప్రమాణాల దేవుడంటారు. అప్పుల దగ్గర తగాదాపడ్డవాళ్ళు, దొంగతనం నింద మీద పడ్డవాళ్ళు ఇక్కడికొచ్చి, కోనేట్లో మునిగి, స్వామి ఎదుట ప్రమాణం చేస్తారు. వాళ్ళతోపాటు మరో రకం భక్తులు కూడా వస్తారు. పక్కన భార్య, వెనక తల్లి నిలబడి వుండగా "ఇక తాగను స్వామీ" అని చేతులు జోడించే మగవాళ్ళు.

ఈ ప్రమాణాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవారున్నారు. అది సరికాదని నా అభిప్రాయం. తాగుడు మానాలన్న నిర్ణయాన్ని భయభక్తులతో కొలిచే దేవుడి ఎదుట, నలుగురూ వినేలా చెప్పడం చిన్న విషయం కాదు. చిక్కల్లా ఇంటికి తిరిగి వచ్చాక మొదలవుతుంది.

ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల్లోపు చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు కొందరు మతి తప్పి, లేని మనుషులు కనిపిస్తున్నారనీ, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయనీ కేకలు వేస్తారు. గాలి సోకిందనో, మొక్కులో ఏదో లోపం జరిగిందనో ఇంట్లోనే వుంచుకుంటే ప్రాణానికే ముప్పు. ఇది డాక్టరు చూడవలసిన స్థితి. బాగా అలవాటుపడ్డ మనిషైతే కాణిపాకం బయల్దేరే ముందే తిరుపతి రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలోనో, వేలూరు సి.ఎం.సి. వారి బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రంలోనో చూపించడం మంచిది. తాగుడు మాన్పించే మాత్రలను అన్నంలో దొంగచాటుగా కలిపి పెట్టే ఇల్లాళ్ళకు ఒక హెచ్చరిక: ఆ మాత్ర కడుపులో వుండగా అతను తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మందులతో శరీరం కుదుటపడుతుంది. మనసు మాటేమిటి? జీతం చేతికొచ్చిన సాయంత్రం, పాత స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసినప్పుడు, పెళ్ళింట్లో, మామగారు సూటిపోటి మాట అన్నప్పుడు నాలుక పీకుతుంది. ఇక్కడే క్లినికల్ సైకాలజిస్టు అవసరం. ఈయన మందులు రాయడు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యంలో పట్టా పుచ్చుకున్న డాక్టరు. సైకాలజిస్టు ఏ సందర్భాల్లో కోరిక పుడుతుందో రోగి చేతనే రాయిస్తాడు. ఆ కోరిక అలలాగా లేచి కాసేపట్లో తగ్గిపోతుందని అనుభవపూర్వకంగా తెలిసేలా చేస్తాడు. "వద్దురా" అని చెప్పడం అభ్యాసం చేయిస్తాడు. భార్యను కూడా కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఒకసారి జారిపడితే "ఒట్టు తప్పాను, ఇక ఎలాగూ పాపినే" అని మళ్ళీ సీసా పట్టేవాళ్ళు చాలామంది. ఆ ఆలోచనను మార్చడం ఈయన పనుల్లో ముఖ్యమైనది.

మరి ఇంత అవసరమైన మనుషులు ఎందరున్నారు? చాలా తక్కువ. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్న వారిలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఇంట్లో సైకాలజీ చదువుతానంటున్న అమ్మాయో అబ్బాయో వుంటే "ఆ చదువుకు ఉద్యోగాలెక్కడివి?" అనకండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో (ఇది 1996లో మొదలైంది), వైద్య కళాశాలల్లో, డీ-అడిక్షన్ కేంద్రాల్లో, ప్రైవేటు ఆస్పత్రుల్లో వీరికి స్థానం వుంది. బుద్ధిమాంద్యం వున్న పిల్లల తెలివితేటలను పరీక్షించే పనీ వీరిదే. సర్కారు పోస్టులు చాలావరకు కాంట్రాక్టు మీదే వుంటాయి. జీతం చూసి నిరుత్సాహపడేవారూ వున్నారు, వారిని తప్పుపట్టలేం.

అయితే ఎం.ఏ. సైకాలజీ ఒక్కటే చదివితే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి. తరువాత, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థలో, ఆస్పత్రి శిక్షణతో కూడిన రెండేళ్ళ ఎం.ఫిల్. చేయడం ఇన్నాళ్ళుగా వున్న రాచబాట. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం కూడా దాన్నే పేర్కొంది. కొత్త విద్యా విధానంలో ఎం.ఫిల్. రద్దయింది. ఈ శాఖకు మాత్రం 2025-26 వరకు గడువు పొడిగించారు. ఆ స్థానంలో కౌన్సిల్ క్లినికల్ సైకాలజీలో ఎం.ఏ., సై.డి. కోర్సులను తెచ్చింది. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఆ ఏడాదికి కౌన్సిల్ అనుమతి వుందో లేదో తప్పక చూసుకోవాలి. అనుమతి లేని కోర్సు చదివితే రిజిస్ట్రేషన్ రాదు, చదివిన ఏళ్ళు వృథా.

రోగి తరఫువాళ్ళు చూసుకోవలసిందీ ఆ రిజిస్ట్రేషనే. సైకాలజిస్టుకు కౌన్సిల్ ఇచ్చిన సి.ఆర్.ఆర్. నంబరు వుంటుంది. అడగడానికి మొహమాటపడకండి, నిజమైనవారు చెబుతారు. నంబరు లేకుండా ఈ వృత్తి చేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వెయ్యి రూపాయలకు ఈ రోజుల్లో ఎవరు జంకుతారు? అందుకే నాలుగు వారాల సర్టిఫికెట్టుతో బోర్డు కట్టి, "మూడు సిట్టింగుల్లో మద్యం మాయం" అనేవారు తయారయ్యారు. అలాంటి మాట విన్నవెంటనే చెప్పులు తొడుక్కొని బయటికి రావచ్చు.

ఊళ్ళో ఎవరూ లేరనుకుంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు ఇది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోనెత్తిన వారికి రోగి వయసు, ఎన్నేళ్ళుగా తాగుతున్నాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అన్న నాలుగు సంగతులూ ముందే కాగితం మీద రాసుకొని చెప్పండి.