పగిలిన పింగాణీకి బంగారు అతుకు

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కొద్ది దూరంలో, బాద్‌షాహీ ఆషుర్‌ఖానా అనే పాత కట్టడం ఉంది. మొహర్రం రోజుల్లో పీర్లను నిలిపే చోటు అది. చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. లోపలి గోడల మీద రంగురంగుల పింగాణీ పలకల ముక్కలు పొదిగి ఉంటాయి. 1611 నాటి ఆ పలకలు ఈనాటికీ తళతళ మెరుస్తున్నాయి.

1908 సెప్టెంబరులో మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. ఆ నీటికి గోడల కింది భాగంలోని పలకలు దెబ్బతిన్నాయి. తరువాత ఆ చోటును రంగులతో నింపి, పాత నమూనాను దిద్దారు. అయినా దగ్గరకు వెళ్ళి చూస్తే తేడా తెలిసిపోతుంది. కాల్చిన పింగాణీకి ఉండే మెరుపు పూసిన రంగుకు రాదు.

ఇత్తడి చెంబుకు చిల్లుపడితే మాటు వేయించుకుంటాం. మరి పింగాణీ కప్పు పగిలితే? లోహాన్ని కరిగించి అతికినట్టు కాల్చిన మట్టిని ఇంట్లో కరిగించి అతకలేం. నీళ్ళు పోసి నానబెట్టినా అది మళ్ళీ ముద్ద కాదు. కాబట్టి రెండు ముక్కల మధ్య మరో పదార్థం చేరి పట్టుకోవాలి. ఆ పదార్థం మొదట ద్రవంలా పారి సందుల్లోకి చేరాలి. తరువాత గట్టిపడాలి. ఎలా గట్టిపడుతుందన్నదే అసలు ప్రశ్న.

చార్మినారు పక్కనే లాడ్ బజారు ఉంది. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మోదుగ, రేగు వంటి చెట్లపై బతికే చిన్న పురుగు విడిచే జిగురే లక్క. పనివారు దాన్ని బొగ్గుల సెగన మెత్తబరచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగుతారు. చల్లారగానే లక్క బిగుసుకుని రాళ్ళను పట్టుకుంటుంది. పల్లెల్లో కొడవలిని పిడిలో బిగించడానికి కూడా లక్కే వాడేవారు.

అయితే లక్కతో అతికిన కప్పులో మరిగే టీ పోస్తే ఏమవుతుంది? లక్క మెత్తబడి అతుకు ఊడుతుంది. చల్లారితే గట్టిపడటం, వేడిచేస్తే మెత్తబడటం కేవలం భౌతిక మార్పు. కొవ్వొత్తి మైనం సంగతీ ఇంతే.

జపాను వారు వాడేది వేరే లక్క. దాని పేరు ఉరుషి. ఇది పురుగు నుంచి కాదు, చెట్టు నుంచి వస్తుంది. బెరడుకు గాట్లు పెట్టి కారే పాలను సేకరిస్తారు. ఆ చెట్టు మన మామిడికీ, జీడిమామిడికీ, నల్లజీడికీ చుట్టమే. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కిన అనుభవం మీకుండే ఉంటుంది. ఒకప్పుడు బట్టలు కలిసిపోకుండా రజకులు నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. ఆ రసం ఒంటికి తగిలితే పుండ్లు పడతాయి. పచ్చి ఉరుషి కూడా అలాగే చర్మాన్ని పొక్కిస్తుంది. ఇందుకు కారణం అందులోని ఉరుషియాల్ అనే పదార్థం.

ఇప్పుడొక వింత వినండి. తడి బట్ట ఎండలో ఆరుతుంది. ఉరుషి మాత్రం తేమలోనే ‘ఆరుతుంది’! నిజానికి అది ఆరడం కాదు. ఆ పాలలో లాకేజ్ అనే ఎంజైము ఉంటుంది. జపాను రసాయన శాస్త్రవేత్త హికొరొకురో యోషిదా 1883లో దీన్ని గురించి ప్రకటించాడు. ఈ ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌ను ఉపయోగించుకుని ఉరుషియాల్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి పెద్ద వల అల్లుతుంది. తేమ లేకపోతే ఈ పని సాగదు. అందుకే అతికిన పాత్రను సుమారు 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, 70 నుంచి 85 శాతం తేమ ఉండే పెట్టెలో ఉంచుతారు. వల అల్లుకున్నాక వేడిచేసినా అది కరగదు. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చి గుడ్డు కానట్టే, ఇది తిరిగి రాని రసాయన మార్పు.

ఈ ఉరుషితో పగిలిన పాత్రలను అతికే కళకు ‘కింత్సుగి’ అని పేరు. ‘కిన్’ అంటే బంగారం, ‘త్సుగి’ అంటే అతుకు. మొదట ఉరుషిలో గోధుమపిండి కలిపి, ఆ జిగురుతో ముక్కలు అతుకుతారు. రోజుల తరబడి తేమ పెట్టెలో ఉంచుతారు. పెచ్చు ఊడిన చోట మెత్తని మట్టిపొడి కలిపిన ఉరుషి నింపి, గట్టిపడ్డాక అరగదీస్తారు. ఆ గీత మీద మళ్ళీ ఉరుషి పూసి, అది ఇంకా అంటుకునేలా ఉన్నప్పుడే సన్నని బంగారు పొడి చల్లుతారు. మొత్తం పనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పాత్రను పట్టి ఉంచేది బంగారం కాదు, దాని కిందనున్న చెట్టుపాలు. బంగారం చేసే పనల్లా పగిలిన చోటును చూపించడమే.

పగుళ్ళను దాచాలని చూసే మనకు ఇది విచిత్రంగా తోస్తుంది. కాని పురావస్తువులను కాపాడే నిపుణులు కూడా మరమ్మతు ఏదో, అసలు ఏదో తెలిసేలా ఉండాలంటారు. లేకపోతే నిన్న వేసిన రంగును కూడా నాలుగు వందల ఏళ్ళ నాటి పని అనుకుని పొరపడతాం. వారు మరో షరతు కూడా పెడతారు. రేపు ఇంకా మంచి పద్ధతి దొరికితే నేటి అతుకును విప్పడానికి వీలుండాలి. కింత్సుగి మొదటి షరతుకు నిలుస్తుంది. రెండోదానికి నిలవదు, ఎందుకంటే గట్టిపడిన ఉరుషి మళ్ళీ కరగదు. కప్పును రోజూ వాడుకోవడానికి కావలసిన గుణమే మ్యూజియం వస్తువుకు ఇబ్బంది అవుతుంది. కాబట్టి జిగురును ఎంచుకునే ముందు, అతికిన వస్తువు ఏ పనికి ఉండాలో ఆలోచించుకోవాలి.

ఈసారి ఆషుర్‌ఖానాకు వెళితే మెరిసే పలకలనే కాదు, మెరవని చోట్లనూ చూడండి. 1908లో వరద నీరు ఏం చేసిందో ఆ గోడే మీకు చెబుతుంది.