పెద్ద హారన్ బిగించే ముందు

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపుల్లో ఎదురొచ్చే లారీకి మన బండి హారన్ సరిగ్గా వినబడదు. అందుకే మనలో కొందరం పెద్ద హారన్ పెట్టించుకుంటాం. దాన్ని పాత వైర్లకే కలిపితే ఎక్కువ కరెంటు లాగి స్విచ్ పాడవుతుంది. మధ్యలో రిలే ఉండాలి.

పాత హారన్ వైర్లు రెండూ రిలే 85, 86 పిన్నులకు కలపాలి. బ్యాటరీ ప్లస్ నుండి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి, కొత్త హారన్ వైరు 87కి. హారన్ రెండో వైరు బ్యాటరీ మైనస్‌కు. అప్పుడు బటన్ మీద రిలేను కదిలించేంత కరెంటే పడుతుంది.

రకరకాల రాగాలు తీసే హారన్లను 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఒప్పుకోవు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఇళ్ల మధ్య హారన్ కొట్టరాదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ వేళ పరీక్షకు చదువుకునే హాస్టల్ తమ్ముడికి ఆ మోత ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఘాట్‌లో మోగిద్దాం, హాస్టల్ గేటు ముందు వద్దు.