వాడిన విలాసపు చిన్నకారు: కొనుటయా, మానుటయా?

ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు చూతుము, సుడులు చూతుము, కాడికి కట్టి నడిపించి చూతుము. కారు కొనునప్పుడు మాత్రము రంగు చూచి భ్రమపడుదుము. నేనును అట్లే భ్రమపడితిని. ఆ సంగతి మీకు విన్నవించెదను.

మాది గూడూరు. నిమ్మతోటపై వచ్చిన సొమ్ము కొంత చేత నుండెను. మా తల్లిని నెలకు రెండుమారులు వైద్యమునకై నెల్లూరు తీసికొనిపోవలసి యుండెను. ఆమెకు బస్సెక్కుట కష్టము. అందుచే చిన్నకారు కొన నిశ్చయించితిని. 2013, 2014 సంవత్సరములలో బెంజి ఏ-తరగతి, ఆడి ఏ-3 వంటి విలాసపు చిన్నకార్లు మన దేశపు బజారునకు వచ్చినవి. అప్పుడు వాని వెల యిరువది లక్షలకు పైమాటయే. అట్టి దొకటి, మామూలు క్రొత్తకారు వెలకే, చెన్నపట్టణమున నున్నదని ఒక మధ్యవర్తి చెప్పెను. అది వాకిట నున్నచో నలుగురిలో గౌరవమని నా మనస్సు దానివైపు లాగెను. నిజము దాచనేల?

ఇంత చౌక యేల? కారు వెల తగ్గును గాని, దాని విడిభాగముల వెల తగ్గదు. ఆరు లక్షలకు కొన్నను, గేరుపెట్టె చెడినప్పుడు ఇరువది లక్షల కారునకు తగిన భాగమునే వేయవలెను. మరమ్మతుశాల దూరము, బండి కడుపు నేలకు దగ్గర. మరల విక్రయింపబోయిన, అమ్మబోతే అడవి యన్న సామెతయే గతి.

తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొని 140 కిలోమీటర్లు పోయితిని. కారు అద్దమువలె మెరయుచుండెను. మేస్త్రీ మెరుగును చూడనే లేదు. సీటుబెల్టును కొసవరకు లాగెను. అచ్చట బురదచార కనబడెను. తివాచీ నెత్తగా ముక్కిపోయిన వాసన వచ్చెను. సీటుక్రింది పట్టాలు త్రుప్పుపట్టి యుండెను. “అయ్యా, ఇది నీట మునిగిన బండి” యనెను. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోను ఆ నగరమున అనేక వాహనములు మునిగినవి. నీరు సోకిన విద్యుత్తీగెల కొసలు లోలోపల చివికి, నెలలు గడచిన పిమ్మట బండిని నడిదారిలో నిలిపివేయును. బయానా సొమ్ము నా జేబులోనే మిగిలినది.

కొనదలచినవారు ఇంజను చల్లగా నున్నప్పుడే నడిపించి చూడుడు. టైరుపై నాలుగంకెలు చూడుడు. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. సముద్రపుగాలి తగిలిన బండియైనచో అడుగుభాగము వంగి చూడుడు. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రమును, భీమాను పరిశీలింపుడు. పొరుగు రాష్ట్రపు బండిని పన్నెండు నెలలు మించి ఇచ్చట ఉంచుకొన్నచో, అచ్చటి అధికారుల నిరాక్షేపణ పత్రము తెచ్చి, ఇచ్చట పన్ను చెల్లించి, క్రొత్త నంబరు పొందవలెను. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప అయిదేండ్ల కొకమారు పొడిగింపవలెను. అనగా పదేండ్ల కారునకు మిగిలిన గడువు అయిదేండ్లే.

మరమ్మతుశాల చెంతనుండి, మరమ్మతులకు వేరుగా సొమ్ము గలవారు అట్టి కారు కొనవచ్చును. అది నడుపుటకు సుఖమైనదే. నాకది తగదు. నేను మామూలు కారునే కొంటిని. దానిని చూచి వాకిట నిలుచువా రెవ్వరును లేరు. కాని మా తల్లి మాత్రము వేళకు వైద్యుని యొద్దకు చేరుచున్నది.