పాత నమూనా కిట్టుకు వెల కట్టడమెట్లు?

దసరాకు ముందు ఇల్లు దులపడం మన ఇళ్లలో ఆనవాయితీ. హైదరాబాదు నగరానికి ఆగ్నేయాన, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లకు చేరువలో ఉన్న మీర్‌పేటలో ఒక కుటుంబం వారు అలా దులుపుతూ అటక మీది ట్రంకు పెట్టె దించారనుకొందాము. ఎన్నో ఏళ్ల క్రితం ఇంగ్లండు నుండి వచ్చిన బంధువు ఒకరు తెచ్చిన పొట్లం ఒకటి అందులో బయటపడింది. పాలిథీన్ సంచి, దాని మూతికి మడిచి బిగించిన రంగుల కాగితం, లోపల యుద్ధవిమానపు ప్లాస్టిక్ విడిభాగాలు. ఇన్నేళ్లలో ఎవరూ దానిని విప్పలేదు.

ఆ పూటే దానికి నాలుగు వెలలు వచ్చాయి. వీధిలోకి వచ్చిన పాత సామాను వ్యాపారి చేతితో తూచి చూసి ఐదు రూపాయలన్నాడు. పొరుగింటి ఆయన, “ఇంత పాతదా! లక్షకు తక్కువ ఇవ్వకండి” అన్నాడు. హైస్కూలులో చదివే కుర్రవాడు, అమ్మవద్దు, తాను విప్పి విమానం కట్టుకొంటానన్నాడు. “అది మా తమ్ముడు తెచ్చింది, దానికి వెల ఏమిటి?” అన్నది నాయనమ్మ.

వీరిలో ఎవరి లెక్క సరియైనది? పొడవును కొలబద్దతో కొలుస్తాము, బరువును త్రాసుతో తూస్తాము. వెలను కొలిచే పరికరం ఏదీ లేదు. అయినా వెలను ఊహించి చెప్పనవసరం లేదు. వస్తువును గుర్తించడం, పరీక్షించడం, పోల్చడం, పొరపాటు ఎంత ఉండవచ్చునో చెప్పడం అనే శాస్త్రీయ పద్ధతి ఇక్కడ కూడా పనికివస్తుంది. అది తెలియకపోతే విలువైన వస్తువు ఐదు రూపాయలకు పోవచ్చు. ఐదు రూపాయల వస్తువుకు ఎవరైనా లక్ష పోసి మోసపోనూవచ్చు.

కిట్టు పుట్టుక

ఉక్కులో విమానపు రెక్క, తోక, చక్రం మొదలైన వాటి ఆకారాలను గుల్లగా తొలిచి అచ్చు తయారుచేస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ను గొప్ప ఒత్తిడితో ఆ అచ్చులోనికి పంపుతారు. చల్లారిన తరువాత భాగాలన్నీ ఒక చట్రానికి అంటుకొని, కొమ్మకు కాయల వలె బయటికి వస్తాయి. వాటిని కోసి, జిగురుతో అతికించి, రంగు వేసి, నీటిలో నానబెట్టి అంటించే గుర్తుల కాగితంతో అలంకరిస్తే విమానం తయారవుతుంది.

ఇంగ్లండులో 1936లో “ఫ్రాగ్” అనే పేరుతో విమానాలు అమ్మే సంస్థ ప్లాస్టిక్ కిట్లను “పెంగ్విన్” పేరుతో విడుదల చేసింది. పెంగ్విన్ ఎగరలేని పక్షి; ఈ విమానాలు కూడా ఎగరవు కనుక ఆ పేరు. ఇవి అసలు విమానంలో 72వ వంతు కొలతకు చేసినవి. 1939లో స్థాపితమైన “ఎయిర్‌ఫిక్స్” సంస్థ 1952లో “గోల్డెన్ హైండ్” అనే ఓడ కిట్టును పాలిథీన్ సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మించింది. ఆ దశకం మధ్యలో ఆ సంస్థ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు కిట్టును కూడా తెచ్చింది.

కొలత లెక్క విద్యార్థులు చేసి చూడవచ్చు. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు సుమారు 11.23 మీటర్లు. దీనిని 72 చేత భాగిస్తే 15.6 సెంటీమీటర్లు. పొట్లంలోని రెక్కలను సంచి మీదనుండే కొలిచి, ఈ లెక్కకు సరిపోతున్నదో లేదో చూడడం మొదటి పరీక్ష.

పాతదనం వేరు, అరుదు వేరు

పొరుగింటి ఆయన చేసిన పొరపాటు చాలామంది చేసేదే. ఉక్కు అచ్చు ఒకసారి తయారైతే దానితో వేలకొలది కిట్లు పోయవచ్చు. సంస్థ మూతబడితే అచ్చు మరొకరి చేతికి పోవచ్చు. ఫ్రాగ్ కిట్ల తయారీ 1970లలో నిలిచిపోయినపుడు దాని అచ్చులలో అనేకం సోవియట్ దేశానికి చేరి, “నోవో” అనే పేరుతో మళ్లీ కిట్లను పోశాయి. భాగాలు అవే, పెట్టె వేరు. సేకరణకర్తలు మాత్రం ఈ రెంటినీ ఒక్కటిగా చూడరు.

కనుక ప్లాస్టిక్ మీద అచ్చయిన సంవత్సరం చూసి మురిసిపోరాదు. అది ఆ అచ్చు తయారైన ఏడు మాత్రమే. దానితో ఈ కిట్టును ఇరవై ఏళ్ల తరువాత పోసి ఉండవచ్చు. అచ్చు అరిగినకొద్దీ భాగాల అంచుల వెంట పలుచని పొర లేస్తుంది, చిన్న గీతలు మసకబారుతాయి. పదునైన అంచులు తొలి పోతలకు ఒక సూచన.

స్పిట్‌ఫైర్ సంగతే చూడండి. ఎయిర్‌ఫిక్స్ వారి తొలి స్పిట్‌ఫైర్ మీద “బి.టి.-కె.” అనే అక్షరాలు ఉండేవి. 1960లో కొత్త అచ్చుతో మరొక స్పిట్‌ఫైర్ వచ్చింది, దాని గుర్తు “జె.ఇ.-జె.” మొదటిది కొద్ది ఏళ్లే అమ్ముడుపోయింది. పైగా కొన్న పిల్లలలో చాలామంది ఆ రోజే విప్పి కట్టివేశారు. రెండవది చాలా ఏళ్లు అంగళ్లలో ఉన్నది. చూపుకు రెండూ పాత స్పిట్‌ఫైర్లే. అయినా విప్పకుండా మిగిలిన మొదటి రకం చాలా అరుదు. ప్రతిమ ఎన్నేళ్ల క్రితం పుట్టిందన్నదాని కంటె, అటువంటివి నేడు ఎన్ని చెక్కుచెదరక మిగిలాయన్నదే ముఖ్యం.

అరుదుగా ఉన్నంత మాత్రాన వెల రాదు; కోరేవారు కూడా ఉండాలి. దీనికి హైదరాబాదుతో ముడిపడిన ఉదాహరణ ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ దళానికి 1918లో “డి.హెచ్. 9ఏ” విమానాలు సమకూరాయి. దానికి హైదరాబాదు దళమనే పేరు వచ్చింది. ఆ విమానాల మీద నిజాము కానుక అని రాసి ఉండేది. వాటిలో జర్మనుల చేతికి చిక్కిన ఒకటి చివరకు లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం చేరింది. రెండవ యుద్ధంలో 1939లో మళ్లీ ఏర్పడి, మరుసటి ఏడు స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ దళం కూడా హైదరాబాదు పేరు ధరించింది. నిజాము తలపాగా దాని చిహ్నం.

ఈ డి.హెచ్. 9ఏ విమానానికి న్యూజిలాండులోని “వింగ్‌నట్ వింగ్స్” అనే సంస్థ 32వ వంతు కొలతలో కిట్టు చేసింది. 2009లో కిట్లు అమ్మడం మొదలుపెట్టిన ఆ సంస్థ 2020లో మూతబడింది. ఇక రావన్న భయంతో దాని కిట్ల వెలలు పెరిగాయి. తరువాత కొన్ని అచ్చులు ఇతర సంస్థలకు చేరాయి. అవే అచ్చులు మళ్లీ కిట్లను పోస్తే పాత కిట్టు వెల మునుపటి వలె నిలవడం కష్టం. ప్లాస్టిక్ మారదు, అందుబాటు, ఆశ ఈ రెండే మారతాయి.

పదార్థం చెప్పే సాక్ష్యం

తొలి పెంగ్విన్ కిట్లు సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినవి. తరువాతి కిట్లలో అధికభాగం పాలీస్టైరీన్. ఈ రెండూ వేర్వేరుగా ముసలివవుతాయి.

సెల్యులోజ్ ఎసిటేట్ గాలిలోని తేమతో మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వెనిగర్ వాసన రావడం దీని గుర్తు. పుట్టిన ఆమ్లమే ఆ చర్యను మరింత వేగపరుస్తుంది. భాగాలు కుంచించుకొని మెలికలు తిరుగుతాయి. అట్టివి ఒకదానితో ఒకటి అమరవు. పాలీస్టైరీన్‌కు తేమ భయం తక్కువ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వల్ల, గాలిలోని ప్రాణవాయువు వల్ల అది పసుపుపచ్చబడి పెళుసుబారుతుంది.

ఈ రెంటినీ గుర్తించడానికి బడిలో చేయదగిన ప్రయోగం ఉన్నది. పాలీస్టైరీన్ సాంద్రత సుమారు 1.05, సెల్యులోజ్ ఎసిటేట్ సాంద్రత సుమారు 1.3. ఒక గ్లాసులో మంచినీరు, మరొక గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీటికి 20 గ్రాముల ఉప్పు కరిగించిన నీరు తీసుకోండి. ఉప్పునీటి సాంద్రత సుమారు 1.12 ఉంటుంది. పాలీస్టైరీన్ ముక్క మంచినీటిలో మునిగి, ఉప్పునీటిలో తేలుతుంది. ఎసిటేట్ రెంటిలోనూ మునుగుతుంది. పాలిథీన్ రెంటిలోనూ తేలుతుంది. ముక్కకు గాలి బుడగలు అంటుకోకుండా చూడవలెను. ఇంచుమించు ఇదే సాంద్రత గల ప్లాస్టిక్‌లు మరికొన్ని ఉన్నవి కనుక ఇది ఒక సాక్ష్యమే కాని తుది తీర్పు కాదు. విలువైన కిట్టు నుండి మాత్రం ముక్క కోయరాదు. విరిగిన పాత బొమ్మలతో చేయండి.

కాగితాన్ని భూతద్దంతో చూడవలెను. పాత ముద్రణలోని రంగుల బొమ్మలో చుక్కలు వరుసగా, క్రమంగా కనిపిస్తాయి. నేటి ఇంటి ప్రింటరు తీసిన నకలులో సిరా చుక్కలు చల్లినట్లు చెదరి ఉంటాయి. సూచనల కాగితం గాని, సంచి మూతికాగితం గాని నకలైతే వెల తగ్గుతుంది.

వెల లెక్క

కిట్టు ఏదో తేలిన తరువాత దాని స్థితిని రాసుకోవాలి. మూత విప్పారా? భాగాలన్నీ చట్రానికి ఉన్నవా? గుర్తుల కాగితం పసుపుబారిందా? సూచనలు ఉన్నవా? పెట్టె నలిగిందా? కట్టిన విమానం ఎంత అందంగా ఉన్నా, అనేకమంది సేకరణకర్తలు విప్పని కిట్టుకే ఎక్కువ ఇస్తారు. విప్పనిది ఎవరైనా కట్టవచ్చు. కట్టినదానిని ఎవరూ విప్పని స్థితికి తేలేరు.

తరువాత అదే కిట్టు, అదే స్థితిలో, ఇటీవల ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి. అమ్మేవాడు అడిగిన ధర అతని ఆశ మాత్రమే. కొన్నవాడు నిజంగా చెల్లించిన ధరే మనకు కొలత. వేలం పాటలు నడిపే సంస్థలు ముగిసిన అమ్మకాల ధరలను చూపుతాయి.

ఇక్కడ గణితం కొంత కావలెను. లెక్క కోసం ఐదు అమ్మకాలు రూ. 4,000, 4,500, 5,000, 5,200, 15,000 అనుకొందాము. వీటి సగటు రూ. 6,740. కాని ఐదింటిలో నాలుగు ఆ సగటు కంటె తక్కువే! ఇద్దరు పట్టుదలతో పోటీపడిన ఒక్క వేలం సగటును పైకి లాగింది. ఇట్టిచోట ధరలను వరుసలో పెట్టి నడుమనున్నదానిని తీసుకొంటారు. దీనిని మధ్యగతం అంటారు. ఇక్కడ అది రూ. 5,000. నిజాయితీగల జవాబు “నాలుగు నుండి ఐదువేల పైచిలుకు” అని చెప్పడమే. దీనినుండి వేలం రుసుము, కట్టుబడి, తపాలా ఖర్చు తీసివేయగా మిగిలేది అమ్మేవానికి దక్కేది.

పోల్చదగిన అమ్మకాలు రెండో మూడో మాత్రమే దొరికితే మన అంచనా వెడల్పు ఇంకా పెరుగుతుంది. నిజంగా అరుదైన వస్తువుకు వెల కట్టడం కష్టం కావడానికి ఇదే కారణం. అరుదైనకొద్దీ పోల్చడానికి సాక్ష్యం తగ్గుతుంది.

భద్రపరచడం

తెలంగాణా వేసవిలో రేకుల కప్పు కింది అటక కిట్టుకు శత్రువు. పాలీస్టైరీన్ బాగా మెత్తబడేది 100 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులలోనే. అయినా బరువు మోపి ఉంచిన పలుచని భాగాలు అంతకు చాలా తక్కువ వేడిలో సైతం ఏళ్ల తరబడి మెల్లగా వంగవచ్చు. వానాకాలపు తేమకు గుర్తుల కాగితంలోని జిగురు మెత్తబడి పై కాగితానికి అంటుకొంటుంది. బూజు కూడా పడుతుంది. కొన్ని కిట్లలో ఉండే మెత్తని వినైల్ చక్రాలలోని నూనె వంటి పదార్థం పాలీస్టైరీన్‌లోనికి చేరి దానిని కరిగిస్తుంది. విప్పిన కిట్టయితే ఆ చక్రాలను వేరే కాగితంలో చుట్టాలి. ఎండ తగలని, పొడిగా ఉండే బీరువా అర అన్నిటికంటె మేలు. తడిగుడ్డతో తుడవడం, చిరిగిన పెట్టెకు జిగురుపట్టీ అంటించడం మంచి ఉద్దేశంతో చేసే నష్టాలు.

ఇప్పుడు మీర్‌పేట ఇంటికి వద్దాము. కుర్రవాడు సంచిని విప్పకుండానే రెక్కలు కొలిచాడు. భూతద్దంతో కాగితం చూశాడు. గుర్తులలోని అక్షరాలు చదివాడు. అవి “జె.ఇ.-జె.” కనుక ఇది 1960 నాటి అచ్చు, చాలా ఏళ్లు అమ్ముడుపోయినది, లక్ష మాట వట్టిది. విప్పనిది కనుక తూకానికి అమ్మదగినదీ కాదు. ఈ రెంటి నడుమ, ముగిసిన అమ్మకాలు చూపే అంతరంలో దాని బజారు వెల ఉన్నది. అమ్మడమా, దాచడమా, విప్పి కట్టడమా అన్నది ఇంటివారి ఇష్టం. నాయనమ్మ మాటకు ఏ వేలంలోనూ అంకె దొరకదు. అది కూడా లెక్కలో చేరవలసినదే. విప్పిన సంచిని మళ్లీ విప్పనిదిగా చేయలేము కనుక, కత్తెర తీసే ముందే ఈ సంగతులన్నీ తెలిసి ఉండాలి.